బిడ్డ ఎవరి సొత్తు?

ఇద్దరు స్త్రీలు ఒకే శిశువును గూర్చి సొలొమోను రాజునొద్దకు తగవు తెచ్చిన సంగతి మనమందరము సండేస్కూలులోనే విన్నాము. రాజు కత్తి తెప్పించెను. బిడ్డ బ్రదికియుండుటకై తన హక్కును విడుచుకొన్న ఆమెయే తల్లియని తేల్చెను. అయితే నేడు మన సంఘములలోనే భార్యాభర్తలు విడిపోయి, బిడ్డ యెవరియొద్ద నుండవలెనని పోరాడుచుండగా ఆ తీర్పు మనకేమి నేర్పుచున్నది? ఇక్కడ ఇద్దరిలో ఒకరును అబద్ధికులు కారు. ఆమె నిజముగా తల్లి, అతడు నిజముగా తండ్రి.

చట్టమేమి చెప్పుచున్నదో ముందు చూతము. క్రైస్తవ దంపతుల విడాకుల వ్యాజ్యములకు 1869 నాటి విడాకుల చట్టము వర్తించును. అట్టి వ్యాజ్యములో బిడ్డల సంరక్షణ, పోషణ, చదువులను గూర్చి ఉత్తరువు చేయు అధికారము కోర్టునకు కలదు. వ్యాజ్యము నడుచుచుండగా పోషణకును చదువునకును పెట్టుకొన్న దరఖాస్తును, ఎదుటివారికి నోటీసు అందిన 60 దినములలో, సాధ్యమైనంతవరకు తీర్చవలెనని 2001లో చేర్చిరి. విడాకుల వ్యాజ్యము లేకపోయినను, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. బిడ్డ క్షేమమును చూడుమని ఆ చట్టము చెప్పుచున్నది. తెలివి వచ్చిన బిడ్డయైతే వాని ఇష్టమును కూడ కోర్టు ఆలకింపవచ్చును. అయినను తండ్రి అయోగ్యుడు కానియెడల మరియొకరిని సంరక్షకునిగా నియమింపరాదని అందులో వ్రాసియుండెను. ఆ చోట తల్లిని కూడ చేర్చినది 2010లో. అనగా ఆ ఒక్క మాటకు 120 సంవత్సరములు పట్టెను!

1973లో ఒక క్రైస్తవ దంపతుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సంగతిని తేటపరచినది. బిడ్డలు తలిదండ్రుల ఆస్తియు కారు, ఆటవస్తువులును కారు. తలిదండ్రుల హక్కు బిడ్డ క్షేమమునకు లోబడవలెనని ఆ తీర్పు సారాంశము. 2015లో లా కమిషను తన 257వ నివేదికలో, తగిన సందర్భములలో ఇద్దరికిని ఉమ్మడిగా సంరక్షణ అప్పగింపవచ్చునని సిఫారసు చేసినది.

“ఉమ్మడి యనగా దినములను చెరిసగము చేయుటయేనా?” అని మీరడుగవచ్చును. జాగ్రత్త! బిడ్డను సమానముగా కోయుటకు ఒప్పుకొన్నది తల్లి కాని స్త్రీయే గదా! తల్లి ఊరు ఒకటి, తండ్రి ఊరు ఇరువది మైళ్ల దూరమున నున్నప్పుడు, వారమునకొకసారి బడి మారునా? తోటి పిల్లలు మారుదురా? పెద్దల లెక్క సరిపోయి బిడ్డ చదువు చెడిపోయినయెడల అది న్యాయము కాదు. బిడ్డను పంచుకొనుట వేరు, బిడ్డ భారమును పంచుకొనుట వేరు. ఫీజు కట్టుట, జ్వరము వచ్చినరాత్రి ఆసుపత్రికి పరుగెత్తుట, మార్కులు చూచి నాలుగు మంచి మాటలు చెప్పుట—వీటిని ఇద్దరును పంచుకొనవచ్చును. సెలవులలో తాతయ్య నాయనమ్మల యింటికి పంపుటకును అడ్డమేమి?

ఇక్కడ మరియొక మాట చెప్పక తప్పదు. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డతో కొందరు పెద్దలు, “నిజమైన తల్లి విడుచుకొనును, బిడ్డను వారికిచ్చివేయుము” అని చెప్పుదురు. ఇది ఆ కథను తలక్రిందులు చేయుట. ఆ తల్లి తన హక్కును విడిచినది బిడ్డను కత్తినుండి తప్పించుటకు. త్రాగి కొట్టు చేతికి బిడ్డను అప్పగించుట కత్తి క్రిందికి పంపుటయే. అట్టిచోట చూపులు నమ్మకస్థుల యెదుట జరుగునట్లు కోర్టును అడుగవలెను. ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము దొరకును. జిల్లా కోర్టునందలి న్యాయ సేవాధికార సంస్థలో అడుగుడి.

అయితే అపాయము లేనిచోట మనము చేయుచున్నదేమి? మనోవర్తి పంపలేదని తల్లి బిడ్డను చూడనియ్యదు. చూడనియ్యలేదని తండ్రి మనోవర్తి ఆపును. ఇద్దరికిని తమ మాట న్యాయముగానే తోచును. కాని ఆ డబ్బు తల్లికి బాకీ కాదు, ఆ చూపు తండ్రికి బహుమానము కాదు. రెండును బిడ్డకు చెల్లవలసినవి. ఒకరి బాకీకి బిడ్డ నోటి కూడు జమకట్టుట యే లెక్క?

నాలుక కూడ కత్తియే. “మీ నాన్న అట్టివాడు,” “మీ అమ్మ ఇట్టిది” అని దినదినము విను బిడ్డ, తనలో సగము చెడ్డదని నమ్మును. మొగము తండ్రిది, నవ్వు తల్లిది, ఏది విసర్జించును?

సంఘపు పెద్దలారా, మీరు పక్షములు పట్టకుడి. గుడి వాకిట ఆ బిడ్డను నిలిపి, “అమ్మ యిష్టమా, నాన్న యిష్టమా?” అని అడుగకుడి, అది న్యాయాధిపతి మెల్లగా, ఒంటరిగా అడుగవలసిన ప్రశ్న. ఇద్దరికిని నడుమ కబుర్లు మోయు పని బిడ్డకు పెట్టక మీరే మోయుడి. క్రిస్మసు నాడు ఆ బిడ్డ ఉదయము ఒకచోట, సాయంకాలము ఒకచోట సంతోషముగా భోజనము చేయునట్లు ఇరువురితోను మాటలాడుడి.

చదువరీ, నీవే ఆ తల్లివో, ఆ తండ్రివో అయినయెడల ఈ రాత్రి ఒక్క ప్రశ్న వేసికొనుము: “నేను గెలువగోరుచున్నది బిడ్డనా, వ్యాజ్యమునా?” బిడ్డ మన సొత్తు కాదు. దేవుడు కొంతకాలము మన చేతికిచ్చిన అప్పగింత. ఇద్దరి చేతులు విడిపోయినను ఆ అప్పగింత విడిపోలేదు.