మూత పెట్టి చూస్తే

బెలుం గుహలు చూసి వచ్చిన సాయంత్రం మా కోడల్ని ఒక మాట అన్నాను. కొత్త మాటేమీ కాదు, అత్తగార్లు అనే మాటే. “బొట్టు పెట్టుకోవడంలో కూడా ఇంత నిర్లక్ష్యమా?” అని.

కారణం ఉంది లెండి. గుహలో నేను తీసిన ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తుంటే, ఆ అమ్మాయి కనుబొమ్మ పక్కన ఎర్రగా కుంకుమ నలుసు కనిపించింది. మాది కడప, కోడలిది కర్నూలు. కె.సి. కాలువ రెండూళ్ళనీ ఎప్పుడో కలిపింది గానీ, మా ఇద్దరి మధ్యా ఇంకా నీళ్ళు పారలేదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏడో తరగతి చదివే మనవడు మాత్రం ఊరుకోలేదు. “అవ్వా, నా చొక్కా మీద కూడా కుంకుమ ఉండాది చూడు. ఈ ఫొటోలో గోడకి గూడా ఉండాది. గోడకి బొట్టు ఎవరు పెట్టినారు?” అన్నాడు.

నిజమే. ఏ ఫొటో తీసినా, సరిగ్గా అదే చోట అదే ఎర్ర చుక్క.

వాడే కెమేరా తెచ్చి, లెన్సుకి మూత పెట్టి, పదిహేను సెకన్లపాటు ఒక ఫొటో తీశాడు. మూత పెట్టాక ఏముంటుంది? చీకటి. ఆ చీకట్లో, అదే చోట, ఎర్రగా వెలుగుతూ మా కోడలి కుంకుమ!

వెనకటి కెమేరాల్లో ఫిల్ము ఉండే చోట ఇప్పుడు సెన్సారు అనే బిళ్ళ ఉంటుంది. మా కెమేరాలో దాని మీద 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళున్నాయి. ఒక్కొక్క దాని ముందు ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక రంగు తెర. తన మీద పడిన వెలుగు ఎంతో కొలిచి చెప్పడం ఒక్కొక్క దాని పని. వాటిలో ఒకటీ అరా చెడిపోయి, వెలుగు పడకపోయినా పడిందనే చెబుతాయి. వేడెక్కినకొద్దీ ఈ అబద్ధం పెరుగుతుంది. సెన్సారు వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే చాలు, ఆ దొంగ వెలుగు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే వీటిని హాట్ పిక్సెల్స్ అన్నారు. చీకట్లో కెమేరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంటే మరీ బయటపడతాయి. మేము వెళ్ళింది మే నెలలో. 3229 మీటర్ల పొడవున్న ఆ గుహలో చీకటికీ కొదవలేదు, ఉక్కకీ కొదవలేదు. ఇంక చెప్పేదేముంది!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాతికేళ్ళ కిందట మా తోడికోడల్ని ఏమన్నాను? నిర్లక్ష్యం అన్నాను. ఆడపడుచుని? అదే మాట. పనిమనుషులు ముగ్గురు మారారు, ముగ్గురిలోనూ నాకు కనిపించింది అదే. మనుషులు మారారు, అద్దె ఇళ్ళు మారాయి, చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. మరి అది ఎవరిదైనట్టు? నేను కొత్త కోడలిగా వచ్చిన ఎండాకాలమంతా ఆ మాట మా అత్తగారి నోట రోజూ విన్నాను. అక్కడ కాలిందన్నమాట నాకు.

అయితే ఒక అనుమానం. లోపమంతా చూసే కంటిదే అనుకుంటే, ఎదుటివాళ్ళ తప్పు తప్పే కాకుండా పోతుందా? చెయ్యి చేసుకునే మొగుణ్ణి చూసి కూడా “చుక్క నా కంట్లోనే ఉందేమో” అని సర్దుకోవాలా? అక్కర్లేదు. ఆ మాట చెప్పి చెప్పే మన ఆడవాళ్ళ నోళ్ళు ఎన్నో మూయించారు. నక్షత్రాలని ఫొటో తీసేవాళ్ళు కెమేరాని కాస్త కాస్త పక్కకి జరుపుతూ మళ్ళీ మళ్ళీ తీస్తారు. నక్షత్రమైతే ఫొటోలో దాని చోటు మారుతుంది, కెమేరా చుక్క చోటు మారదు. మూత పెట్టినా కనిపించేది మనది. మూత తీస్తేనే కనిపించేది ఎదుటిది. దెబ్బ నిజమైనదైతే, మనసు చల్లబడ్డాక చూసినా అది దెబ్బే.

మరి మనదేనని తేలిన చుక్కని ఏం చెయ్యాలి? 1990 నుంచి ఆకాశంలో తిరుగుతున్న హబుల్ టెలిస్కోపు కెమేరాలకీ ఈ జబ్బు తప్పలేదు. సుమారు నెలకోసారి పని ఆపి, చల్లగా ఉంచే సెన్సార్లని కాస్త వెచ్చబడనిస్తారు. చాలా చుక్కలు సర్దుకుంటాయి, అన్నీ కాదు. మన ఇళ్ళలోని కెమేరాలు ఇంకో దారి పట్టాయి. చెడిన పిక్సెల్ ఎక్కడుందో రాసిపెట్టుకుంటాయి. పిక్సెల్ మ్యాపింగ్ అంటారు. ఆ తర్వాత ఆ ఒక్క చోట కెమేరా తన మాట తాను నమ్మదు. ఇరుగుపొరుగు పిక్సెళ్ళని అడిగి, అవి చెప్పినదాన్నిబట్టి రంగు వేస్తుంది. కొత్త కెమేరా కూడా ఫ్యాక్టరీలో రాసిన అలాంటి జాబితాతోనే మన ఇంటికొస్తుంది. మంచి కెమేరా అంటే లోపం లేనిది కాదు, తన లోపం ఎక్కడుందో తెలిసినదీ అని నాకు అప్పుడు అర్థమయింది.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి, “నిన్న నేనన్నది తప్పు మా. చుక్క నీ మొహాన లేదు” అన్నాను.

“తెలుసత్తా. అద్దంలో చూసుకునే బయల్దేరినా” అంది కోడలు, నవ్వకుండా. కానీ కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

ఈ వయసులో నా చుక్క పోతుందని ఆశ లేదు. చోటు మాత్రం రాసిపెట్టుకున్నాను. ‘నిర్లక్ష్యం’ అనే మాట నోటిదాకా వస్తే, ముందు పక్కవాళ్ళని అడుగుతున్నాను. అడగడం మరిచిపోయిన రోజున మనవడు ఎలాగూ ఉన్నాడు. “అవ్వా, మూత పెట్టి చూసినావా?” అంటాడు.