జట్టు ఎవరిది?

ఫుట్‌బాల్ జట్టు పెట్టుబడి పెట్టినవాడిదా, గొంతెత్తినవాడిదా? 2019లో పూణే జట్టు స్థానాన్ని హైదరాబాదుకిచ్చారు. (పూణేవాళ్ళ దుఃఖం మనకప్పుడు పట్టలేదు.) 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన ఆ జట్టునే 2025లో యాజమాన్యం పేరు మార్చి ఢిల్లీకి తరలించింది. అభిమానికి అందేది కబురు, కావలసింది సంప్రదింపు. భూమి చేతులు మారాక కౌలుదారుకు తెలియడం మా ఎర్రుపాలెం వైపు వింతకాదు. అయినా 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు భూమి కొనుక్కునే హక్కయినా యిచ్చింది. అభిమానికి పోయేది బతుకుతెరువు కాదు, నిజమే. కాని వాడు లేని ఆట వట్టి కసరత్తు. 2002లో లండన్‌లోని వింబుల్డన్ జట్టును మిల్టన్ కీన్స్‌కు తరలించేందుకు అనుమతి దొరికితే, అభిమానులు సొంత జట్టు కట్టి, పెద్ద లీగుల బయట చిన్న పోటీలలో మొదలుపెట్టారు. అధిక వాటా వాళ్ళ ట్రస్టుదే, సభ్యుడికొక ఓటు. అక్కడ యాజమాన్యం లెక్కలు చెప్పక తప్పదు.