చెప్పినవాళ్లు, కొట్టినవాళ్లు

ఒక వ్యాసం నలుగురు కలిసి రాస్తే అది ఎవరిదండీ? "నలుగురిదీను, అడగడానికేముంది!" అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని, మార్కులు వెయ్యాల్సి వచ్చేదాకా.

అనంతపురానికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆమధ్య పిల్లలచేత గూగుల్ డాక్స్‌లో వ్యాసాలు రాయించడం మొదలుపెట్టాను. 2006లో వచ్చిన సదుపాయం అది. ఒకే కాగితం మీద నలుగురు నాలుగిళ్ల నుంచి, ఎవరి ఫోన్లో వాళ్లు, ఒకేసారి రాయొచ్చు. ఎవరు ఏ మాట ఎప్పుడు పెట్టారో, ఎవరిది ఎవరు కొట్టేశారో అంతా అందులో చరిత్రగా నిలిచి ఉంటుంది. నాకు నచ్చింది అదే. పూర్వం నలుగురికి కలిపి పని చెబితే, బుద్ధిమంతురాలైన ఒక పిల్ల రాత్రంతా కూర్చుని రాసేది. మిగతా ముగ్గురూ పొద్దున్నే వచ్చి పేర్లు చేర్చేవాళ్లు. (మన ఇళ్లలో పండగ వంట లాగే అనుకోండి!) ఇక ఆ ఆటలు సాగవు కదా అని సంతోషించాను.

ఒక జట్టు "చెనిక్కాయ విత్తనం" మీద రాసింది. విత్తనానికి ఉంచిన కాయల్ని మిషన్లో వేస్తే గింజ దెబ్బతింటుందని ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఒలవడం, తొలివాన కోసం మొగం పైకెత్తి చూడడం, అంతా బాగానే రాశారు. ఒకచోట మాత్రం నా చూపు ఆగిపోయింది. వానల్లేని ఏడు. ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. అయినా ఒక ముసలామె విత్తనాల మూట విప్పలేదు. మనవరాలు ఏడుస్తుంటే "అవి మనవి కావే పాపా, వచ్చే వానవి" అందట.

చరిత్ర తీసి చూశాను. ముగ్గురి రాతలున్నాయి. నాలుగో పిల్లది ఒక్క అక్షరం లేదు. ముగ్గురికీ 20కి 16 వేసి, ఆ పిల్లకు 4 వేశాను. న్యాయంగానే ఉన్నానని నా నమ్మకం.

మర్నాడు క్లాసులో ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. పక్కపిల్ల లేచింది. "ఆమె చెప్పింటేనే నేను కొట్టినా మేడమ్. వాళ్ల నాయన ఫోను తీసుకొని బెంగుళూరుకు పనికి పోయినాడు. మా అరుగు మీద కూర్చొని ఆమె చెప్తాంటే నేను కొడతాంటి."

ఆ ముసలామె మాట కూడా ఆమె చెప్పిందేనట. ఆమె అవ్వే ఆ ముసలామె!

ఆ రాత్రి నాకు భారతం గుర్తొచ్చింది. నన్నయ్యగారు అరణ్యపర్వంలో ఆపేసినచోట నుంచి ఎర్రనగారు అందుకుని పూరించారు. నన్నయ్యే రాసినట్టు రాజరాజుకే అంకితమిచ్చారు. తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తాను ఒక్కరే రాసినవాటికి జంటపేరే ఉంచారు. ఎంత పెద్దమనసులు! కానీ చూడండి, వాళ్ల చేతుల్లో గంటం ఉంది, కలం ఉంది. పేరు వదులుకున్నారు. ఈ పిల్ల వదులుకున్నదేమీ లేదు, దానికి ఫోను లేదంతే. ఈ రెంటినీ ఒకే త్యాగం కింద జమకట్టేస్తే మన మనసుకు హాయిగానే ఉంటుంది. అన్నట్టు, ఇలా ఇంటెడు చాకిరీ చేసి ఎక్కడా లెక్కలోకి రానివాళ్లను మనం అనుకున్నంత దూరం వెళ్లి వెతకనక్కర్లేదు.

మర్నాడు అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి 16 దిద్దాను. అది "మరి మా అవ్వకో మేడమ్?" అనేసింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు ప్రతి వ్యాసం కిందా చెప్పినవాళ్లు, కొట్టినవాళ్లు, దిద్దినవాళ్లు ఎవరో రాయమంటున్నాను. మొన్న ఒకడు "చార్జింగు పెట్టింది" అని తన తమ్ముడి పేరు చేర్చాడు. కొట్టెయ్యలేదు.