నోరులేని రోగి



పశువైద్యుని బల్లమీద 16 ఏళ్ల ముసలి పిల్లిని పడుకోబెట్టారనుకోండి. ఒకప్పుడు 4 కిలోలు తూగిన ప్రాణి ఇప్పుడు రెండున్నర కిలోలకు దిగిపోయింది. పదేపదే నీళ్లు తాగుతుంది, మెతుకు ముట్టదు, నోరు వాసన కొడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది డాక్టరుగారూ!" అంటుంది పెంచుకున్న ఇల్లాలు. నిజానికి అది బాగా లేదు. పిల్లి తన బాధను దాచుకునే జంతువు. ముసలి పిల్లులకు తరచుగా వచ్చే మూత్రపిండాల జబ్బు చాపకింద నీరులా పాకుతుంది. ఆ అవయవాల శక్తి సుమారు 75 శాతం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు కనబడకపోవచ్చు.

నోరులేని రోగిని వైద్యుడు ఏమని అడగగలడు? అందుకే ఆయన చూస్తాడు. మెడమీది చర్మాన్ని పట్టి, పైకి లేపి వదులుతాడు. అది వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గిందని గ్రహిస్తాడు. చిగుళ్ల రంగు చూస్తాడు, కడుపు మెల్లగా తడుముతాడు. దారిలో పడివున్న క్షతగాత్రుని యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు. దగ్గరకు వెళ్లినవాడు సమరీయుడు ఒక్కడే. దగ్గరకు వెళ్లని చూపు కనికరం కాదు.

కనికరానికి తెలివి కూడా కావాలి. సమరీయుడు కన్నీరు కార్చి ఊరుకోలేదు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలకు కట్టు కట్టాడు. పిల్లి మూలుగుతుంటే జాలిపడి, మనం వేసుకునే పారాసిటమాల్ మాత్రనే దానికీ వేసేవారున్నారు. ఆ మందును హరించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. తెలియని జాలి చంపుతుంది సుమా!

ఇక కనికరానికి సత్యం కావాలి. చర్మం కింద సెలైన్ ఎక్కించవచ్చు, వాంతులు ఆపవచ్చు, భాస్వరం తక్కువగా ఉన్న ఆహారం పెట్టవచ్చు. వీటివల్ల కొన్ని పిల్లులు నెలల తరబడి సుఖంగా ఉంటాయి. కాని పోయిన మూత్రపిండాలు తిరిగిరావు. మంచి వైద్యుడు "తగ్గిపోతుందమ్మా" అని మభ్యపెట్టడు. తినలేక, లేవలేక, బాధ తప్ప మరేమీ మిగలని రోజున, నొప్పి లేకుండా కన్నుమూయించే ఇంజెక్షను సంగతి కూడా ఆయనే చెబుతాడు.

ఇది పాపమా? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం జంతువులు దేవుని సృష్టి అనీ, వాటిని అనవసరంగా బాధించడం, చంపడం మానవ గౌరవానికి విరుద్ధమనీ బోధిస్తుంది. తీరని బాధను ముగించడం అనవసరమైన చంపడం కాదు. అదే గ్రంథం మరో మాట కూడా చెబుతుంది. ముందుగా మనుషుల కష్టం తీర్చవలసిన డబ్బును జంతువులకు వెచ్చించడం తగదు; వాటిని ప్రేమించవచ్చుగాని మనుషులకే చెందవలసిన ప్రేమను వాటికివ్వరాదు.

"అయితే మంచాన పడ్డ మనిషికీ ఆ ఇంజెక్షనే ఇవ్వవచ్చుగా?" అని అడిగేవారున్నారు. ఇవ్వరాదు! మనిషి దేవుని పోలికలో సృజింపబడినవాడు. అతని ప్రాణం మన సొత్తు కాదు. నొప్పి తగ్గించే మందు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. ఫలితానికి మించిన భారమైన చికిత్సను వద్దనుకోవచ్చు. కాని ప్రాణం తీయరాదు. పిల్లికి చివర్లో ఇంజెక్షను ఇవ్వగలం. మనిషికి చివర్లో ఇవ్వవలసింది మనల్ని మనమే.

ప్రియ పాఠకులారా! మీ ఇంటి వసారాలో ముసలి తల్లి ఉంది. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "నాకేం, బాగానే ఉన్నాను నాయనా" అంటుంది. ఆమెకు నోరుంది, అయినా మీకు భారం కాకూడదని బాధ దాచుకుంటుంది. ఆమె కంచంలో అన్నం మిగిలిపోతున్నదా? చేతి గాజులు వదులైపోయాయా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నది? నోరులేని పిల్లిని వైద్యుడు అంత ఓపికగా చూస్తుంటే, కన్నతల్లిని మనం గుమ్మంలో నిలబడి పలకరించి వెళ్లిపోతామా?

ఈ రాత్రి ఆమె మంచం దగ్గరకు వెళ్లి కూర్చోండి. అడగవద్దు, ముందు చూడండి.