జడకి వద్దన్న పువ్వు

క్రైస్తవ స్త్రీ తలలో పువ్వు పెట్టుకోవచ్చా? సాహిత్యం చదువుకున్నవాళ్లకి ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ తెలుగునాట ఎన్నో సంఘాల్లో బాప్తిస్మం తీసుకోబోయే స్త్రీ ముందుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. బొట్టు, గాజులు, నగలు, పూలు, వీటిలో ఏవేవి వదిలిందన్న దాన్నిబట్టి ఆమె విశ్వాసాన్ని కొలుస్తారు. ఆమెతోపాటు నీళ్లలోకి దిగే మగవాడికి ఇలాంటి జాబితా ఉండదు. దీనికి పితృస్వామ్యమని పేరు పెట్టవచ్చు. ఆ పేరు సరైనదే. అయితే పేరు పెట్టినంత మాత్రాన ప్రశ్న తీరిపోదు. ఎందుకు తీరదో చెప్పడానికే ఈ వ్యాసం.

నిషేధానికి ఆధారంగా సాధారణంగా రెండు చోట్లు చూపిస్తారు. పౌలు పేరు మీద ఉన్న తిమోతి మొదటి పత్రిక రెండో అధ్యాయం ఒకటి, పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఇంకొకటి. జడలు అల్లుకోవడం, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు స్త్రీకి అలంకారం కాకూడదన్నది వాటి సారాంశం. రెండింటిలోనూ పువ్వు ప్రస్తావన లేదు. బంగారం, ముత్యాలు రోమన్ సామ్రాజ్యంలో డబ్బున్నవాళ్ల వస్తువులు. సంఘంలో పేదల పక్కన కూర్చునే ధనిక స్త్రీలకి తగిన హెచ్చరిక, రెండు మూరల మల్లెపూలు కొనుక్కునే కూలిమనిషి దాకా ఎలా వచ్చింది? దానికి జవాబు బైబిల్లో కంటే మన సమాజంలోనే దొరుకుతుంది. ఇక్కడ తలలో పువ్వు అందం కోసం మాత్రమే కాదు. అది ముత్తైదువతనానికి గుర్తు. పేరంటంలో పసుపు కుంకుమలతో కలిసి అందేది, భర్త పోయిన రోజున వాటితో కలిసే పోయేది. పాత మతాన్ని వదలడమంటే ఆ గుర్తుల్ని కూడా వదలడమేనని బోధకులు అనుకున్నారు.

అదే బైబిల్లో యేసు పువ్వుల్ని చూడమన్నాడు. రేపటి తిండికీ బట్టకీ బెంగపెట్టుకునేవాళ్లతో మత్తయి ఆరో అధ్యాయంలో మాట్లాడుతూ, ఏ పనీ చెయ్యని పూలకున్న సొగసు సొలొమోను రాజు వైభవానికి కూడా లేదంటాడు. మన తెలుగు బైబిల్ అనువాదకులు వాటిని 'అడవిపువ్వులు' అన్నారు. మంచి మాట ఎంచుకున్నారు. గలిలయ కొండల మీద ఎవరూ నాటకుండానే ఎర్రటి అనెమొనీలు పూస్తాయి. వాటికి యజమాని లేడు, కూలీ లేదు.

మన బలిపీఠం మీదికి వచ్చే పూలు మాత్రం అడవిపూలు కావు. మైలవరం ప్రాంతంలోనూ, మంగళగిరి చుట్టుపక్కల ఊళ్లలోనూ మల్లెతోటలున్నాయి. చలికాలంలో తోటకి నీళ్లు ఆపేస్తారు. ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరించి, పాదులు తవ్వి ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెడతారు. మార్చి వచ్చేసరికి మొగ్గ పడుతుంది. సాయంత్రానికి విచ్చుకునే మొగ్గని ఎండ ఎక్కకముందే కోసెయ్యాలి. కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కిలో మొగ్గ అంటే కొన్ని వేల మొగ్గలు. మొగ్గ తొలిచే పురుగుకి కొట్టిన మందు వాళ్ల వేళ్లకి అంటుకునే ఉంటుంది. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల్ని మన సంఘాలు శ్రమదినాలంటాయి. మల్లెతోటల్లో కూడా అవి శ్రమదినాలే. ఒకరిది క్రీస్తు బాధని తలుచుకునే శ్రమ, ఇంకొకరిది ఒళ్లు వంచే శ్రమ. చాలాసార్లు ఆ రెండూ చేసేది ఒకే మనిషి.

తెలుగు సాహిత్యం పువ్వు బాధని విన్నది కానీ, ఆ మనిషి బాధని వినలేదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో పూజ కోసం పూలు కోయబోయిన కవితో పువ్వులు మొరపెట్టుకుంటాయి. తమని గుచ్చి ముడుచుకునే ఆడవాళ్లకి దయ లేదని నిందిస్తాయి. ఘంటసాల గొంతులో ఆ పద్యాలు ఇంటింటికీ చేరాయి. కానీ కూలికి పువ్వు కోసే ఆడమనిషి అందులో ఎక్కడా లేదు. కవిత్వం దయ పేరుతోనూ, సంఘం భక్తి పేరుతోనూ తప్పు పట్టింది ఆడదాని జడనే.

ఇంతవరకు నా వాదన సులువుగానే నడుస్తుంది. దీన్ని కష్టం చేసింది మా పెద్దమ్మ. మాది తాతల కాలం నుంచీ లూథరన్ కుటుంబం. పెద్దమ్మని మాత్రం క్రైస్తవులు కాని ఇంటికి ఇచ్చారు. నలభై ఏళ్లు రాకముందే భర్త పోయాడు. మల్లెతోటల్లో కూలికి వెళ్తూ పిల్లల్ని పెంచింది. తర్వాత పూలు, నగలు నిషేధించిన ఒక చిన్న సంఘంలో చేరింది. రోజూ వేల మొగ్గలు కోసే చేతులతో ఒక్క మొగ్గ కూడా తల్లో పెట్టుకోకపోవడం నీకు అన్యాయంగా లేదా అని అడిగాను. "మీ పెదనాన్న పోయినరోజు నా తల్లో పూలు వాళ్లు తీశారమ్మాయ్. ఈ సంగంలో ఎవరి తల్లోనూ లేవు. ఇక్కడ నన్ను ముండమోపినని ఎవరు గుర్తుపడతారు?" అంది.

ఆ మాటని తప్పుడు చైతన్యమని కొట్టిపారెయ్యలేను. అందరి తలలూ బోసిగా ఉన్న చోట విధవకీ ముత్తైదువకీ తేడా కనిపించదు. ఆ సంఘం అలా ఉద్దేశించి ఉండకపోవచ్చు. ఆడవాళ్ల శరీరాన్ని అదుపు చెయ్యడానికే ఆ నియమం పెట్టి ఉండవచ్చు. అయినా పెద్దమ్మకి అది బల్ల మీద అందరితో సమానంగా కూర్చునే చోటునిచ్చింది. మా గుడి సంగతి చూడండి. పూలు వద్దని మా పాస్టరుగారు ఎన్నడూ అనలేదు. ఈస్టర్ ఆదివారం ముందు వరసలన్నీ మల్లెల వాసనే. కానీ భర్త పోయిన ఆడవాళ్ల తలల్లో పువ్వు ఉండదు. ఎవరూ చెప్పనవసరం లేకుండానే ఉండదు. మారుమనువు ఆచారం ఉన్న కులాల్లోకి కూడా పైకులాల మర్యాద అలా నడిచి వచ్చింది, గుడి గడప కూడా దాటింది. పూలని ఒప్పుకున్న గుడి విధవని గుర్తుపట్టింది. పూలని వద్దన్న సంఘం ఆమెని దాచి కాపాడింది. స్త్రీవాదిగా నేను దేని పక్షాన నిలబడాలి?

అందరూ వదులుకోవడం వల్ల వచ్చే సమానత్వం ఒకటి, అందరికీ దక్కడం వల్ల వచ్చే సమానత్వం ఇంకొకటి. మొదటిది నిజమైనదే, కానీ సంఘం తలుపు దాకానే. బయట బజారులో పెద్దమ్మ మళ్లీ విధవే. పైగా ఆ సమానత్వం ఖరీదంతా ఆడవాళ్లే కడుతున్నారు. క్రైస్తవం మన దేశంలో వదులుకోమని మాత్రమే చెప్పలేదు. తిరువాన్కూరులో క్రైస్తవులైన నాడార్ స్త్రీలు పైబట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల తరబడి దెబ్బలు తిన్నారు. 1859లో రాజు ఆ హక్కుని కొంతవరకైనా ఒప్పుకోవాల్సి వచ్చింది. కులం కాదన్నదాన్ని ధరించడం కూడా విశ్వాసమేనని వాళ్లు చూపించారు. విధవ తలలో పువ్వుకి ఆ వారసత్వం వర్తించదా?

ఈ మాటే పెద్దమ్మతో అంటే నవ్వింది. "నా సంగతి తర్వాత చూద్దువులే. ముందు మీ గుళ్లో వెనక బల్ల మీద కూర్చునే వాళ్లకి పెట్టించు" అంది. ఆమె సంఘాన్ని నేను నిలదీసినట్టే, ఆమె నా గుడిని నిలదీసింది. ఆ పని సులువైంది కాదు. ఈస్టర్ తెల్లవారుజామున మా వాళ్లంతా సమాధుల తోటకి వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు, పూలు పరుస్తారు. అక్కడ ముత్తైదువగా పోయిన ఆమె సమాధికీ, విధవగా పోయిన ఆమె సమాధికీ ఒకే మల్లెలు. బతికుండగా ఇవ్వని పువ్వుని చనిపోయాక ఇస్తున్నాం.

యోహాను సువార్తలో సమాధి ఉన్నది తోటలోనే. చీకటి ఉండగానే అక్కడికి వెళ్లిన మగ్దలేనే మరియ, లేచిన క్రీస్తుని చూసి తోటమాలి అనుకుంటుంది. ఆమె ఎవరి భార్యో, ఎవరి విధవో సువార్త చెప్పదు. పునరుత్థానాన్ని చాటే పని ఆమెకి అప్పగించడానికి ఆ వివరం అవసరం కాలేదు. మన తోటల్లో ఆ వేళకి పనిలో ఉండేది పెద్దమ్మ లాంటి ఆడవాళ్లు. బలిపీఠం మీది పూలని చూసి దేవుణ్ణి స్తుతించే సంఘం, వాటిని కోసిన చేతుల్ని కూడా చూడాలి. ఆ చేతులు కోసినవాటిలో నాలుగు మొగ్గలు తన జడకి ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె. పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేని గుడి కావాలి. మా వెనక బల్ల దగ్గర ఈ మాట ఇంకా మొదలు కాలేదు.