రేపటి బియ్యము

పన్నెండవ శతాబ్దమున కళ్యాణమున, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకళ్యాణమున, ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. ఏరిన బియ్యమని కన్నడమున ఆ పేరున కర్థము. రాలిన గింజల నేరి తెచ్చి దాసోహము చేయుటయే ఆయన కాయకము. ఒకనాడు ఆయన అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. ఆనాటికి వలసినంత యుంచి, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను.

ఆమెకు ముందుచూపు లేదని కొందరందురు. రైతు విత్తనపు వడ్లు దాచుకొనవలదా యని యడుగుదురు. దాచుకొనవలసినదే. విత్తు దాచుట నేటి కాయకములోని భాగమే. లక్కమ్మ కాదన్నది అక్కరకు మించిన ఆశను. దాని వెనుకనున్న రేపటి భయమును.

ఆ భయము ధాన్యముతో ఆగదు. అమ్మాయి పెండ్లి కానిమ్ము, ఇల్లు పూర్తి కానిమ్ము, ఉద్యోగవిరమణ కానిమ్ము, పిమ్మట తీరికగా పూజ చేసికొందుననువారు మనలో ఎందరో! (పింఛను చేతికి వచ్చునాటికి మోకాళ్లు పద్మాసనమునకు సమ్మతింపవు.) ఇష్టలింగమును గుడిలో గాక దేహముపైననే ధరించు ఆచారము మనది. పర్వదినము కొరకు, యాత్ర కొరకు వేచియుండ నక్కరలేదు. ఎడమ అరచేత లింగము నుంచుకొని, చూపును అచ్చట నిలిపినంతసేపు కలుగు ఆనందము ఈ పూటకే చెందినది. అది దాచినను నిలువదు.

నేటి ఉదయపు అరగంట పూజలో వడ్డీ లెక్కలను, పెండ్లి సంబంధముల ఆలోచనలను తీసివేయగా మిగిలిన నిమిషము లెన్నియో ఎవరికి వారే చూచుకొనవచ్చును.