జీతం పుచ్చుకున్న గంట ఎవరిది?



ఆఫీసు కంప్యూటరు మీద సొంత ఉత్తరాలు రాసుకుంటే పాపమా అని ఉద్యోగాలు చేసుకునే మన బిడ్డలు అడుగుతుంటారు. రుమేనియా దేశంలో నడిచిన ఒక వ్యాజ్యం మనకు పాఠం కాగలదు.

అక్కడ ఒక ఇంజనీరు, కొనుగోలుదారులకు జవాబులివ్వడానికి యజమాని కోరిక మీద యాహూ మెసెంజరులో ఖాతా తెరిచాడు. సొంత పనులకు కంపెనీ యంత్రాలు వాడరాదని నియమం ఉన్నా, తన సోదరునితోను, పెళ్ళాడబోయే అమ్మాయితోను అందులో మాట్లాడాడు. 2007లో యజమాని ఆ మాటలను 45 పుటలుగా అచ్చుతీయించి అతని ముందు పెట్టి, ఉద్యోగం నుండి తొలగించాడు. ఆ దేశపు కోర్టులు యజమానినే సమర్థించాయి. కాని 2017 సెప్టెంబరు 5న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం వేరుగా తీర్పు చెప్పింది. పనిని గమనించే హక్కు యజమానికి ఉన్నది. అయితే ఏది, ఎంతవరకు చూస్తాడో ముందుగా చెప్పాలి. పనిచోట అడుగుపెట్టినంత మాత్రాన మనిషి సొంత జీవితం అంతరించిపోదు.

ఈ రెండు వైపుల న్యాయాన్నీ తిరుసభ ఏనాడో బోధించింది. 1891లో 13వ లియో పోపుగారు కార్మికుల గూర్చి విశ్వలేఖ రాస్తూ, ఒప్పుకున్న పనిని నమ్మకంగా పూర్తి చేయమని పనివారికి, పనివారిని బానిసలుగా చూడవద్దని, న్యాయమైన కూలి ఇవ్వమని యజమానులకు చెప్పారు.

కాబట్టి ప్రియులారా, ఆత్మశోధన చేసుకుందాం. కౌంటరు ముందు ముసలితల్లి నిలబడి ఉండగా మనం సెల్‌ఫోనులో బొమ్మలు చూస్తూ కూర్చుంటే, దొంగిలించింది యజమాని సొమ్ము మాత్రమే కాదు, ఆ తల్లి సమయం కూడా. జ్వరంతో ఉన్న బిడ్డ ఎలా ఉన్నాడోనని ఇంటికి రెండు మాటలు రాస్తే అది దొంగతనం కాదు, ప్రేమ. మరి యజమానులారా! పగలు రెండు నిమిషాలకు లెక్క అడిగే మీరు, రాత్రి పది గంటలకు పని పురమాయిస్తే ఆ గంటకు కూలి ఎవరిస్తారు? పట్టి ఉంచిన కూలి దేవునికి మొరపెడుతుందని పునీత యాకోబుగారు హెచ్చరించలేదా?

ఈ వారం పాపసంకీర్తనానికి వెళ్ళేటప్పుడు చేతిలోని ఫోనును, చేసిన పనిని, ఇచ్చిన జీతాన్ని కూడా జ్ఞాపకం చేసుకోండి. నజరేతులో చెమటోడ్చి కుటుంబాన్ని పోషించిన పునీత జోజప్పగారు మన ఇళ్ళకు, మన పనిచోట్లకు తోడుగా ఉందురు గాక. ఆమెన్.